ఫోను కంపెనీ మీద ఇంత అభిమానం ఎక్కడి నుంచి వస్తుంది? మా ఇంట్లో రెండు నెలలుగా మాటలు కరువయ్యాయి

ఓరుగల్లు కోట:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా 34 ఏళ్ళు పనిచేసి ఈ మధ్యనే పదవీ విరమణ చేశారు. ఆయన ఫోను అద్దం పగిలి ఏడాది దాటింది కనుక ఈ సందర్భానికి ఒక మంచి ఫోను కొని ఇద్దామని మా తమ్ముడూ, మా వారూ ఎవరికి వారే అనుకున్నారు. తమ్ముడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. మొదటి జీతంతో ఐఫోను కొన్న నాటి నుంచి మరో ఫోను ముట్టలేదు. మా వారు హైస్కూలు ఉపాధ్యాయులు; 2012 నుంచి శాంసంగ్ ఫోన్లే వాడుతున్నారు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అవే కొనమని చెబుతారు.

వినాయక చవితి నాడు భోజనాల దగ్గర ఈ మాట వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోను ఏది కొన్నా రెండేళ్ళకు మందగిస్తుందని, నాన్నకు అలాంటిది ఇవ్వడం తనకు ఇష్టం లేదని తమ్ముడన్నాడు. పేరు కోసం రెట్టింపు డబ్బు పెట్టేవాళ్ళ లెక్కలు తమలాంటి వాళ్ళకు అర్థం కావని మా వారన్నారు. ఆ తర్వాత కెమెరా గురించి, బ్యాటరీ గురించి చాలాసేపు వాదించుకున్నారు గానీ, అప్పటికే ఆ మాటలు ఒకరి జీతం మీదికీ మరొకరి స్థితి మీదికీ పోయాయని విస్తరి ముందు కూర్చున్న అందరికీ అర్థమైంది. ఆ రోజు నుంచి బావా బావమరుదులు సరిగా మాట్లాడుకోవడం లేదు. నాన్నగారు ఇంకా ఆ పగిలిన ఫోనే వాడుతున్నారు.

నా ప్రశ్న ఏ ఫోను మంచిదని కాదు. ఆ వాదన ఇక్కడ మొదలైతే అసలు విషయం పక్కకు పోతుంది కనుక దయచేసి దానిని తీసుకురావద్దు. వీళ్ళిద్దరికీ ఆ కంపెనీల్లో వాటా లేదు, ఉద్యోగం లేదు. ఇంట్లో ఉన్న ఫ్రిజ్ గురించో, మిక్సీ గురించో ఎవరైనా చెడుగా చెబితే ఇద్దరూ నవ్వి ఊరుకుంటారు. ఫోనును ఒక మాట అంటే మాత్రం తమను అన్నట్టుగా ఎందుకు బాధపడతారు? ఈ అభిమానానికి నిజంగా ఏదైనా ఆధారం ఉందా, లేక ఇదంతా ప్రకటనలు తయారుచేసిన భావనేనా? ఈ విషయం దగ్గర నుంచి చూసినవాళ్ళు చెబితే వినాలని ఉంది.

అబిడ్స్ రిపేరు బల్ల:

అమ్మా, నేను 2004 నుంచి జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేస్తున్నాను. పుస్తక జ్ఞానం లేదు గానీ, ఇరవై ఏళ్ళుగా అన్ని కంపెనీల ఫోన్లూ, వాటి యజమానులూ నా బల్ల ముందుకు వచ్చారు కనుక చూసింది చెబుతాను.

నేను పని నేర్చుకున్న రోజుల్లో మార్కెట్ అంతా నోకియాదే. 2003లో వచ్చిన 1100 రకం ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడైంది. దానికి పైన టార్చిలైటు, దుమ్ము లోపలికి పోని రబ్బరు కీప్యాడు, రోజుల తరబడి నిలిచే బ్యాటరీ ఉండేవి. పొలం పనికి పోయేవాళ్ళకూ, కరెంటు కోతలున్న ఊళ్ళకూ అంతకంటే కావలసింది లేదు. ఆ ఫోను పోగొట్టుకున్న మనిషి దుకాణానికి వచ్చి మళ్ళీ అదే ఇమ్మని అడిగేవాడు. ఒక కంపెనీ మీద జనానికి అంత నమ్మకం ఉండటం నేను ఆ తర్వాత చూడలేదు. కానీ మీ ప్రశ్నకు సంబంధించిన సంగతి ఏమిటంటే, నోకియా కోసం ఒకరితో ఒకరు పోట్లాడుకున్న మనుషులను నేను ఒక్కరిని కూడా చూడలేదు. చుట్టూ ఉన్న అందరి చేతిలోనూ అదే ఉన్నప్పుడు పోట్లాడటానికి అవతలి పక్షం ఎక్కడుంటుంది? ఆ నమ్మకం ఎంత గట్టిదో, అది పోయేటప్పుడు అంత చప్పుడు లేకుండా పోయింది. టచ్ ఫోన్లు వచ్చాయి, 2011లో నోకియా మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సాఫ్ట్‌వేర్ దారి పట్టింది, 2014 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్ళింది, అదే ఏడాది నవంబరులో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులోని నోకియా ఫ్యాక్టరీ ఆగిపోయింది. దశాబ్దం పాటు అదే కొన్నవాళ్ళు పెద్దగా బాధపడకుండానే వేరేది కొనుక్కున్నారు.

మధ్యలో మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా, మన హైదరాబాదు కంపెనీ సెల్‌కాన్ వచ్చాయి. రెండు సిమ్ములు పట్టే ఫోను తక్కువ ధరకు ఇచ్చాయి కనుక బాగా అమ్ముడయ్యాయి. వాటిని కొన్నవాళ్ళు అవసరం తీరిందనుకున్నారే తప్ప వాటి గురించి గొప్పగా చెప్పుకోలేదు. పోటాపోటీ మాటలు నా బల్ల దగ్గర మొదలైంది 2014 తర్వాతే. ఆ ఏడాది జులైలో షావోమీ మన దేశానికి వచ్చి ఎంఐ 3ను 13,999 రూపాయలకు ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే అమ్మింది. నిమిషాల్లో సరుకు అయిపోయేది. దొరికినవాడికి ఏదో గెలిచినట్టుండేది, దొరకనివాడు మళ్ళీ వారం కాచుకునేవాడు. అంత కష్టపడి సంపాదించుకున్న వస్తువును ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోవడం కష్టమే.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. బయట నలుగురిలో తన ఫోనుకు ఏ లోపమూ లేదని వాదించే మనిషి నా బల్ల ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు నిజం చెబుతాడు. బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోందనీ, ఫోటో తీస్తే వేడెక్కుతోందనీ చెబుతాడు. పక్కన స్నేహితుడు ఉంటే మళ్ళీ ఆ మాట రాదు. పైగా ఈ ఫోన్లు విప్పి చూసేవాళ్ళకు ఆ గోడలు కనిపించవు. మొదటి ఐఫోనులో ఉన్న ప్రాసెసర్‌ను తయారుచేసింది శాంసంగ్. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్ డిస్‌ప్లే కూడా శాంసంగ్ నుంచి వచ్చిందే. ఆ రెండు కంపెనీలూ 2011 నుంచి 2018 వరకు డిజైన్ల మీద, పేటెంట్ల మీద కోర్టుల్లో కొట్లాడుకున్నాయి, అదే కాలంలో ఒకరికొకరు సరుకు అమ్ముకున్నాయి, చివరికి రాజీ పడ్డాయి. మీ ఇంట్లో బావా బావమరుదులు రాజీ పడలేకపోవడం నాకు బాధగా ఉంది.

విశాఖ తీరం:

నేను డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. పైన ఫోన్లు బాగుచేసే అబిడ్స్ వారు చెప్పిన రెండు పరిశీలనలూ, అంటే అవతలి పక్షం లేనిదే పోట్లాట ఉండదన్నదీ, స్నేహితుడి ముందు మాట మారుతుందన్నదీ, మా శాస్త్రంలో ప్రయోగాల ద్వారా తేలిన విషయాలకు చాలా దగ్గరగా ఉన్నాయి.

1956లో జాక్ బ్రెమ్ అనే అమెరికా పరిశోధకుడు కొందరు స్త్రీలకు ఇంట్లో వాడుకునే వస్తువులు కొన్ని చూపించి, ఒక్కొక్కటి ఎంత నచ్చిందో చెప్పమన్నాడు. తర్వాత వాటిలో రెండింటిని చూపి, ఏదో ఒకటి తీసుకోమన్నాడు. తీసుకున్న తర్వాత మళ్ళీ అదే ప్రశ్న అడిగితే, ఎంచుకున్న వస్తువు ఇంతకుముందు కంటే ఎక్కువ నచ్చిందనీ, వదులుకున్నది ఇంతకుముందు కంటే తక్కువ నచ్చిందనీ వాళ్ళు చెప్పారు. ముఖ్యంగా ఆ రెండూ దాదాపు సమానంగా నచ్చినవై, ఏది తీసుకోవాలా అన్న తర్జనభర్జన ఎక్కువైన చోటే ఈ మార్పు బలంగా కనిపించింది. వస్తువులు మారలేదు, వాటి గురించి కొత్త సమాచారమూ రాలేదు. మారినదల్లా ఒకదానిని ఎంచుకున్నామన్న వాస్తవం ఒక్కటే. ఫ్రిజ్ గురించి మీరడిగిన ప్రశ్నకు జవాబు కొంతవరకు ఇక్కడ ఉందని నేననుకుంటున్నాను. ఫ్రిజ్‌ను ఇంట్లో అందరూ కలిసి పదేళ్ళకొకసారి కొంటారు, అది వంటగదిలో ఉంటుంది. ఫోనును ఒక మనిషి తన కోసం తానే ఎంచుకుంటాడు, నెల జీతమో అంతకంటే ఎక్కువో పెడతాడు, చాలామంది వాయిదాల మీద ఏడాది పొడుగునా ఆ నిర్ణయానికి మూల్యం చెల్లిస్తూనే ఉంటారు, దానిని రోజంతా చేతిలో పట్టుకుని నలుగురి ముందు తిరుగుతారు. ఆ ఫోను మంచిది కాదని ఎవరైనా అన్నప్పుడు వినిపించేది ఫోను మీద విమర్శ కాదు, నీకు ఎంచుకోవడం చేతకాలేదన్న మాట.

రెండో ప్రయోగం 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ చేసినది. బడిపిల్లలకు పాల్ క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, నచ్చిన చిత్రకారుడిని బట్టి మీరు ఈ జట్టు, వాళ్ళు ఆ జట్టు అని చెప్పాడు. నిజానికి ఆ విభజన ఇష్టాలను బట్టి జరిగింది కాదు, ఇష్టం వచ్చినట్టు చేసినదే. తన జట్టులో ఎవరున్నారో కూడా ఏ పిల్లవాడికీ తెలియదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టు వైపు మొగ్గారు. అంతకంటే ముఖ్యమైన విషయం, తమ జట్టుకు వచ్చే మొత్తం తగ్గినా సరే, అవతలి జట్టుతో తేడా పెరిగే పంపకాన్నే చాలామంది ఇష్టపడ్డారు. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకుని ఆ ఫోను అమ్మకాలు ఆపేసినప్పుడు ఒక వర్గం, 2017 డిసెంబరులో బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని తగ్గించామని యాపిల్ ఒప్పుకున్నప్పుడు మరొక వర్గం సంబరపడటం నేను చూశాను. రెండు సందర్భాల్లోనూ నష్టపోయింది వాళ్ళలాంటి కొనుగోలుదారులే. ఆ సంబరంలో తమకు వచ్చిన లాభం ఏమీ లేదు, తేడా పెరిగిందన్న తృప్తి తప్ప.

ఇటువంటి అభిమానాన్ని సినిమా హీరోల అభిమానంతో పోల్చడం మనవాళ్ళకు అలవాటు. గుంపు కట్టే పద్ధతి వరకు ఆ పోలిక సరిపోతుంది గానీ, అంతకు మించి సరిపోదని నా అభిప్రాయం. హీరోను అభిమానించేవాడు ఆ హీరో ప్రతిభను సమర్థిస్తాడు. ఫోనును సమర్థించేవాడు తన తీర్పునే సమర్థించుకుంటున్నాడు. అందుకే ఈ వాదన అంత త్వరగా సొంత విషయంగా మారుతుంది.

పాత రోమ్‌ల రోజులు:

నేను 2014లో విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు ఒక కంపెనీ అభిమానుల బృందంలో చేరి మూడేళ్ళు చాలా చురుగ్గా పనిచేశాను. ఏ కంపెనీయో ఇక్కడ చెప్పను, ఎందుకంటే నా అనుభవం ఆ ఒక్క కంపెనీకి చెందినది కాదని ఇప్పుడు తెలుసు. ప్రకటనలే ఈ భావనను తయారుచేశాయా అని మీరడిగారు. ప్రకటనల కంటే చాలా లోతైన పని జరిగిందని నేను చెప్పగలను.

షావోమీ 2010లో మొదలైనప్పుడు దాని చేతిలో ఫోను లేదు. ఆ ఆగస్టులో ఎంఐయూఐ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసి, ఇతర కంపెనీల ఫోన్లలో వేసుకుని చూడమని ఉత్సాహవంతులకు ఇచ్చింది. వాళ్ళు చెప్పిన లోపాలను సరిదిద్ది ప్రతి శుక్రవారం కొత్త రూపాన్ని విడుదల చేసేది. మొదటి ఫోను వచ్చింది ఆ మరుసటి ఏడాది. తన సూచనతో ఒక మీట స్థానం మారితే ఆ కుర్రవాడికి ఎలా ఉంటుందో ఊహించండి. ఆ ఫోను ఇక అతనికి కొన్న వస్తువు కాదు, తానూ ఒక చెయ్యి వేసి కట్టిన ఇల్లు. వన్‌ప్లస్ 2014లో మొదటి ఫోనును ఆహ్వానం ఉన్నవాళ్ళకే అమ్మింది. ఆహ్వానం కోసం బతిమాలుకోవడం, దొరికినవాడు తన స్నేహితుడికి ఒకటి ఇవ్వడం, ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో స్నేహాలు ఏర్పడటం నేను కళ్ళారా చూశాను. 2015 ఆగస్టులో శ్రీసిటీలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో విడుదల చేసినప్పుడు, మన రాష్ట్రంలో తయారైన ఫోను అని మా హాస్టల్‌లో పొంగిపోయినవాళ్ళు చాలామంది. ఇవన్నీ నిజమైన ఆనందాలే. వాటిని మోసమని నేను ఇప్పటికీ అనను.

కానీ మా రోజులో సగం సమయం అవతలి కంపెనీని ఎగతాళి చేయడానికే పోయేది, దానికి కావలసిన సరుకు కంపెనీలే అందించేవి. 2016లో యాపిల్ ఐఫోన్ 7 నుంచి ఇయర్‌ఫోన్ రంధ్రాన్ని తీసేసినప్పుడు శాంసంగ్ దానిని ఎద్దేవా చేస్తూ ప్రకటనలు ఇచ్చింది. 2019లో నోట్ 10 వచ్చేసరికి తన ఫోనులోనూ తీసేసింది. 2020లో ఐఫోన్ 12 పెట్టెలో ఛార్జర్ ఇవ్వనప్పుడు కూడా ఎగతాళి చేసి, కొన్ని నెలలకే ఎస్ 21 పెట్టెలో తానూ ఇవ్వడం మానేసింది. కంపెనీ మనసు మార్చుకోవడానికి ఒక సమావేశం చాలు. అప్పటివరకు దాని తరఫున స్నేహితులతో తగవు పెట్టుకున్న కుర్రవాళ్ళు మాత్రం రాత్రికి రాత్రి కొత్త సమర్థనలు వెతుక్కోవలసి వచ్చేది, నిన్నటి దాకా తప్పన్న దానిని ఈ రోజు అవసరమని చెప్పవలసి వచ్చేది. ఒప్పో, వివో, వన్‌ప్లస్, రియల్‌మీ అన్నీ బీబీకే ఎలక్ట్రానిక్స్ అనే ఒకే మూలం నుంచి వచ్చినవని తెలియని రోజుల్లో ఆ పేర్ల మధ్య కూడా మేము ఏది గొప్పదని తగాదా పడ్డాము.

నా సంగతి చెబుతాను. మూడో ఏడు ఒక అప్‌డేట్ వేసుకున్న మరునాడే నా ఫోను ఆరిపోయింది. సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు పోయిందనీ, వారంటీ దాటిందనీ చెప్పి ఫోను ధరలో సగానికి పైగా అడిగారు. ఇదే ఇబ్బంది ఇంకా ఎవరికైనా వచ్చిందేమో తెలుసుకుందామని మా బృందంలోనే రాశాను. మూడేళ్ళుగా నాతో కలిసి రాత్రంతా మేల్కొని మాట్లాడిన స్నేహితులు, నువ్వు సరిగా వాడి ఉండవని, అవతలి కంపెనీ డబ్బిచ్చి రాయిస్తోందా అని అడిగారు. ఆ మాటలు నాకు కొత్తవి కావు. అంతకుముందు ఎందరో ఇటువంటి ఫిర్యాదులతో వచ్చినప్పుడు నేనే వాళ్ళకు ఆ జవాబులు రాశాను. వాళ్ళలో కొందరికి తర్వాత విడిగా ఉత్తరం రాసి క్షమాపణ అడిగాను, అందరి ఆచూకీ దొరకలేదు. అభిమానం ఉండటంలో తప్పు లేదమ్మా. ఫిర్యాదు చేసినవాణ్ణి శత్రువుగా చూసే స్థితికి వస్తే మాత్రం, ఆ అభిమానం కొన్నవాళ్ళలో ఎవరికీ పనికిరాదు. అడగవలసిన మాట కంపెనీని అడిగేవాళ్ళే ఉండరు.

ఇర్వింగ్ నుంచి:

నేను టెక్సాస్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. పైవారు చెప్పిన మనసు సంగతులతో పాటు, అభిమానంలా కనిపించే కంచె ఒకటి ఉందని చేర్చాలనుకుంటున్నాను.

ఇక్కడ పిల్లలు వాట్సాప్ కంటే ఐఫోనులోని సొంత మెసేజ్ సదుపాయాన్నే ఎక్కువ వాడతారు. ఐఫోను నుంచి మరో ఐఫోనుకు పంపిన సందేశం నీలం రంగులో, ఆండ్రాయిడ్‌కు పంపినది ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. చాలా కాలం పాటు ఆకుపచ్చవాళ్ళు ఒక్కరు చేరినా ఆ గుంపులో వీడియోలు మసకబారేవి, మరికొన్ని సదుపాయాలు పనిచేసేవి కావు. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఆ కారణంతోనే స్నేహితుల గుంపులో దాన్ని చేర్చుకోలేదు, రెండు వారాలు దిగులుగా తిరిగింది. యాపిల్ మీద ఎపిక్ గేమ్స్ అనే వీడియో గేముల కంపెనీ వేసిన దావాలో 2021లో బయటికి వచ్చిన పత్రాల్లో, యాపిల్ ఉన్నతాధికారి క్రెయిగ్ ఫెడరిగీ 2013లో రాసిన ఈమెయిల్ ఒకటి ఉంది. ఆ మెసేజ్ సదుపాయాన్ని ఆండ్రాయిడ్‌కు కూడా ఇస్తే, ఐఫోను వాడే కుటుంబాలు తమ పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనివ్వడానికి ఉన్న అడ్డంకి తొలగిపోతుందన్నది అందులోని సారాంశం. 2022లో ఒక సభలో ఒకాయన లేచి, మా అమ్మకు వీడియోలు సరిగా పంపలేకపోతున్నానని అడిగితే, మీ అమ్మగారికి ఐఫోను కొనివ్వండని అప్పుడు యాపిల్ అధిపతిగా ఉన్న టిమ్ కుక్ జవాబిచ్చారు. 2024 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18తో, ఆర్‌సీఎస్ అనే కొత్త సందేశ పద్ధతి చేరి ఇబ్బందులు చాలా వరకు తగ్గాయి, రంగు మాత్రం మారలేదు.

నా ఉద్దేశం ఏమిటంటే, మేము ఇంటిల్లిపాదీ ఐఫోన్లు వాడుతున్నాము కనుక మమ్మల్ని ఆ కంపెనీ అభిమానులుగా లెక్కవేస్తారు. మేము మాత్రం పిల్ల దిగులు చూడలేక కొన్నాము. మన ఊళ్ళలో చిన్నా పెద్దా అందరూ వాట్సాప్‌లోనే ఉంటారు కాబట్టి ఈ కంచె మీ నాన్నగారికి వర్తించదు. మీ తమ్ముడు ఐఫోను కావాలనడానికి ఇంకేదైనా కారణం ఉందేమో ఆయననే అడగండి. దూరాన ఉన్న కొడుకుకు, నాన్న ఫోనులో ఏ ఇబ్బంది వచ్చినా తనకు తెలిసిన ఫోనైతే మాటల్లో చెప్పి సరిచేయవచ్చునన్న ఆలోచన కూడా ఉండవచ్చు. మా అమ్మకు ఫోను కొన్నప్పుడు నాకున్న ఆలోచన అదే.

చెవులతో చదువుతాను:

ఈ చర్చను మొదటి నుంచి విన్నాను. విన్నాను అని ఎందుకంటున్నానంటే, నాకు చూపు లేదు. ఫోను తెర మీద ఉన్నదంతా నాకు చదివి వినిపిస్తుంది. రాజమహేంద్రవరంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. ఒకే రకం ఫోనును పట్టుకుని ఉండటమంతా గుంపు మనస్తత్వమో, కంచెనో అన్నట్టుగా ఇక్కడి జవాబులు ఉన్నాయి కనుక నా వైపు నుంచి ఒక మాట చెప్పాలి.

నేను మొదట నోకియాలో తెరను చదివి వినిపించే టాక్స్ అనే సాఫ్ట్‌వేర్ విడిగా వేయించుకుని వాడాను. టచ్ ఫోన్లు వచ్చినప్పుడు, మీటలు లేని నున్నటి గాజు పలకతో మాకు ఇక ఫోనే ఉండదని భయపడ్డాము. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో తెరను చదివి వినిపించే వాయిస్‌ఓవర్ ఫోనుతో పాటే వచ్చింది. ఆండ్రాయిడ్‌లో అటువంటిదే అయిన టాక్‌బ్యాక్ కూడా అప్పుడే మొదలై, బాగుపడటానికి మరికొన్నేళ్ళు తీసుకుంది. ఈ రెండింటిలో వేళ్ళతో చేసే సంజ్ఞలు వేరు, ఒక పేజీలో ముందుకూ వెనక్కూ నడిచే తీరు వేరు. ఒకదాని నుంచి మరొకదానికి మారిన స్నేహితుడు ఒకరికి మునుపటి వేగం అందుకోవడానికి నెలలు పట్టింది, ఆ నెలల్లో ఆఫీసు పనికి కూడా ఇబ్బంది పడ్డాడు. నేను పదేళ్ళుగా ఒకే రకం ఫోను కొంటున్నాను, ఇక ముందూ కొంటాను. అది నా వేళ్ళకు తెలిసిన దారి. వేరే ఫోను వాడేవాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్ళ ఫోను తక్కువదని నేను అనుకోను.

ఇంకొక సంగతి అడగడానికి మన్నించండి. మీ తమ్ముడి అభిప్రాయం విన్నాము, మీ వారి అభిప్రాయం విన్నాము, మా అందరి అభిప్రాయాలూ మీరు విన్నారు. ఆ ఫోను వాడవలసిన మీ నాన్నగారు ఏమన్నారో ఈ చర్చలో ఎక్కడా లేదు. ఆయనను ఎవరైనా అడిగారా?

ఓరుగల్లు కోట:

మూడు రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అందరి జవాబులూ రెండేసి సార్లు చదివాను. చివరి ప్రశ్నకు నిజం చెప్పాలంటే, ఎవరమూ అడగలేదు. నేను కూడా అడగలేదు. వీళ్ళిద్దరి మధ్య గొడవ సర్దడం గురించే ఆలోచించాను తప్ప ఆ ఫోను ఎవరి కోసమో మరిచిపోయాను.

నిన్న సాయంత్రం నాన్నగారి దగ్గర కూర్చుని అడిగాను. ఆయన చాలాసేపు డిపో సంగతులు చెప్పారు. డ్రైవర్లలో లేలాండ్ బండి కావాలనేవాళ్ళు, టాటా బండి కావాలనేవాళ్ళు ఉండేవారట. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఏది గొప్పదని క్యాంటీన్‌లో వాదించుకునేవారు. పాతవాళ్ళు వాదించేవారు కాదు, కానీ డ్యూటీ వేసేటప్పుడు మాత్రం తాము నడిపిన బండినే అడిగేవారు. క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలిసిన బండి వేరు, తెలియని బండి వేరని, రాత్రి పూట ఘాట్ రోడ్డు ఎక్కవలసినవాడికి అది చిన్న విషయం కాదని ఆయన అన్నారు. చూపు లేదని రాసినవారు చెప్పిన మాటలు నేను ఆయనకు ఇంకా చదివి వినిపించక ముందే ఈ మాట అన్నారు.

ఆయనకు కావలసినవి ఇవి: అక్షరాలు పెద్దవిగా కనిపించాలి, బస్టాండు రొదలో కూడా అవతలి మాట వినిపించాలి, ఇప్పుడు తెలుగులో నోటితో చెప్పి రాయించుకుంటున్న పద్ధతి మారకూడదు, సర్వీస్ సెంటర్ హనుమకొండలోనే ఉండాలి. పింఛను కోసం ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని ఇంట్లో కూర్చుని ముఖం చూపించి పంపేందుకు ముందు కెమెరా బాగుండాలి. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, ఇద్దరూ ప్రేమతో ఇస్తామంటున్నారు, ఒకరిది వద్దంటే రెండోవారిది కావాలన్నట్టు అవుతుందని ఊరుకున్నానన్నారు.

ఈ చర్చను మా వారికీ, తమ్ముడికీ పంపించాను. మా వారు విజయవాడ హాస్టల్ సంగతి రాసినవారి జవాబు మళ్ళీ ఒకసారి చదివి, ఏమీ అనకుండా ఫోను పక్కన పెట్టారు. తమ్ముడికి ఇర్వింగ్ నుంచి రాసినవారి ఊహ సరిగ్గా తగిలింది. దూరం నుంచి నాన్న ఫోను తాను చూసుకోవచ్చునన్నదే తన ఆలోచన అని, ఆ రోజు ఆ మాట చెప్పకుండా వేరేవన్నీ ఎందుకన్నానో తెలియడం లేదని రాశాడు. ఇద్దరూ ఇంకా ఒకరికొకరు ఫోను చేసుకోలేదు. ఆదివారం తమ్ముడు వస్తున్నాడు, ముగ్గురూ కలిసి చౌరస్తా దగ్గర దుకాణానికి వెళ్తారు. నాన్నగారు చేతిలో పట్టుకుని చూసి ఏది చెబితే అది, డబ్బు చెరిసగం.

ఒక సందేహం మిగిలింది. నాన్నగారి పాత ఫోను ఆండ్రాయిడ్. అందులో డిపో వాట్సాప్ గుంపులో ఎనిమిదేళ్ళ సందేశాలు, సర్వీసు కాగితాల ఫోటోలు, గ్రాట్యుటీ లెక్కలు ఉన్నాయి. అవి పోతాయేమోనన్నది ఆయన భయం. కొత్తది ఏ రకమైనా అవి వస్తాయా?

అబిడ్స్ రిపేరు బల్ల:

వస్తాయమ్మా, కానీ వరుస తప్పకూడదు. కొత్తది కూడా ఆండ్రాయిడ్ అయితే రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లోనే ఉన్న చాట్ ట్రాన్స్‌ఫర్‌తో, క్యూఆర్ కోడ్ చూపించి నేరుగా పంపించవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో బ్యాకప్ ఉన్నా సరిపోతుంది గానీ, ఇప్పుడు అది ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్క కనుక, ఎనిమిదేళ్ళ ఫోటోలకు చోటు చాలకపోవచ్చు. ఐఫోను తీసుకుంటే మూవ్ టు ఐఓఎస్ అనే యాప్‌తో మార్చుకోవాలి. 2022 నుంచి ఆ సదుపాయం ఉంది. అయితే కొత్త ఐఫోనును మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే ఆ పని జరగాలి. దుకాణంలో కుర్రవాళ్ళు సాయం చేస్తున్నామనుకుని ముందే ఫోను తెరిచి అన్నీ పెట్టేస్తే, మళ్ళీ మొత్తం చెరిపి మొదటి నుంచి చేయవలసి వస్తుంది. అందుకని పెట్టె విప్పక ముందే ఈ మాట చెప్పమనండి.

పాత ఫోను అద్దం పగిలిందన్నారు. టచ్ ఇంకా పనిచేస్తోంది కదా అని నమ్ముకోవద్దు, సర్వీసు కాగితాల ఫోటోలను ఈ రోజే కంప్యూటర్‌లోకి ఒక ప్రతి తీసి ఉంచండి. అన్నీ కొత్త ఫోనులోకి వచ్చాయని నాన్నగారు స్వయంగా తెరిచి చూసుకునే వరకు పాతదాన్ని ఎవరికీ మార్పిడికి ఇవ్వవద్దు. ఆదివారం బయలుదేరే ముందు దాన్ని నిండుగా ఛార్జ్ చేసుకుని వెళ్ళండి, పంపడం మధ్యలో ఆగిపోతే మళ్ళీ మొదలుపెట్టాలి.